శ్రీ సతీష్ ధావనుగారును, శ్రీహరికోట తీరమును

ఐరాల పరిసరములందు బెరిగిన బాలబాలికలకు సముద్రము దూరపు వస్తువు. మన మెఱిగినవి గుట్టలు, మామిడితోపులు, చెఱకుతోటలు, బెల్లపు గానుగలు, వానకాలమున మాత్రమే పాఱెడు వాగులు. అయినను తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సూళ్లూరుపేట చేరినచో, అచ్చటనుండి తూర్పుగా నొక పొడవైన బాట ఉప్పునీటి సరస్సును రెండుగా జీల్చుకొని పోవును. ఆ బాట చివరనున్న దీవియే శ్రీహరికోట. పక్షి యెగిరినట్లు లెక్కించినచో నది మన యూరికి నూరుమైళ్లకు లోపే యుండును. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీనుండి అది తిరుపతి జిల్లాలోనిది కావున, మన పొరుగువారిదే యని చెప్పవచ్చును. అచ్చటి రాకెట్టు కేంద్రమునకు బేరుగా నిలిచిన సతీష్ ధావనుగారి చరిత్రమును ఈ సంచికయందు మన విద్యార్థులకు జెప్పదలచితిమి.

ఆయన రాకెట్లను గూర్చి వ్రాసినవా రనేకులు. మేము వేఱొక వైపునుండి చూడగోరుచున్నాము. సముద్రముమీదికి అగ్నిని విసరు పనివలన సముద్రమున బ్రతుకు ప్రాణులకు గలుగు మేలెట్టిది, కీడెట్టిది యను ప్రశ్న నేడు లోకమంతటను సైన్యములను, నౌకాదళములను, శాస్త్రజ్ఞులను వెంటాడుచున్నది. మన ప్రాంతమున నా ప్రశ్నకు మొదట నెదురుపడినవారిలో ధావనుగా రొకరు. ఆయన సైనికుడు కాడు. అయినను ఆయన పెంచిన కేంద్రమున సైన్యపు క్షిపణియు నొకనాడు ఎగిరినది. అది ముందు చెప్పబోదుము.

సతీష్ ధావనుగారు 1920వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన కాశ్మీరదేశమందలి శ్రీనగరమున జన్మించిరి. విద్యాభ్యాసము లాహోరునందు జరిగెను. అచ్చటి పంజాబు విశ్వవిద్యాలయమున ఆయన మొదట గణితము, భౌతికశాస్త్రము చదివి పట్టము పొందిరి. పిమ్మట ఆంగ్లసాహిత్యమున ఎం. ఏ. పట్టము గైకొనిరి; అటుపై 1945లో మెకానికల్ ఇంజనీరింగు పూర్తిచేసిరి. ఇంజనీరు కాదలచినవానికి కావ్యములతో నేమి పని యని మన పైతరగతులలో నప్పుడప్పుడు అడుగు కుఱ్ఱవాండ్రు కలరు. వారీ వరుసను గమనింతురు గాక. బెంగుళూరునందలి హిందుస్తాన్ విమాన కర్మాగారమున గొంతకాలము పనిచేసి, ఆయన అమెరికాకు బోయిరి. మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1947లో ఎం. ఎస్. పట్టమును, కాలిఫోర్నియా టెక్నాలజీ సంస్థలో 1949లో విమానశాస్త్రపు ఇంజనీరు పట్టమును, 1951లో డాక్టరు పట్టమును పొందిరి. అచ్చట వారి గురువు హాన్స్ లీప్మన్ అను ప్రసిద్ధ ప్రొఫెసరు. ఆయన విదేశమున నుండగానే స్వదేశము విభక్తమయ్యెను. తాను చదివిన లాహోరు పరదేశమయ్యెను.

వారు పరిశోధించిన విషయము ధ్వనివేగమును మించి పరుగెత్తు గాలి. అట్టి వేగమున గాలిలో నొక అలవంటిది పుట్టి, విమానపు తోలునకు అంటుకొని కదలు సన్నని గాలిపొరను తాకును. ఆ తాకిడివలన నేమగునో గుర్తెఱుగుటయే వారి పని. ఇది మన కథకు దూరపు సంగతిగా దోచవచ్చును గాని, గాలి ఱెక్కమీద నెట్లు జాఱునో తెలిసికొన్న యీ కన్నే తరువాతికాలమున ప్రళయకావేరిమీది పక్షులను జూచిన కన్ను.

1951లో ధావనుగారు బెంగుళూరునందలి భారత విజ్ఞానసంస్థలో జేరిరి. ద్రవ్యము తక్కువ. ఉన్న కొద్దిపాటి సామగ్రితోనే ఆయన ధ్వనివేగమును మించు గాలిసొరంగము నొకదానిని కట్టించి, విద్యార్థులచేత నందు పనిచేయించిరి. 1955లో విమానశాస్త్ర విభాగమునకు అధిపతులైరి. 1962లో ఆ సంస్థకే డైరెక్టరైరి. అప్పటికి వారి వయస్సు ఇంచుమించు నలుబది రెండేండ్లు. ఆ పదవియందు 1981 వఱకు నుండిరి. ఆయన కాలముననే, 1973లో, మాధవ్ గాడ్గిల్ అను జీవావరణశాస్త్రజ్ఞుడు ఆ సంస్థలో బ్రవేశించెను. యంత్రములు, లోహములు, విద్యుత్తులతో నిండిన ఆ యావరణమున అడవులను, ఏనుగులను, పల్లెజనులను గూర్చి ఆలోచించువానికి చోటు దొరకుట సామాన్యవిషయము కాదు.

1971వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన, భారతదేశపు అంతరిక్షప్రయత్నములకు మూలపురుషుడగు విక్రమ్ సారాభాయి హఠాత్తుగా మరణించెను. ధావనుగా రపుడు కాలిఫోర్నియాలో సెలవుమీద నుండిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ వారిని బిలిపించి ఆ భారమును వహింపుడని కోరెను. ఆయన రెండు షరతులు పెట్టిరి: విజ్ఞానసంస్థ డైరెక్టరు పదవిని విడువబోమని యొకటి, అంతరిక్షసంస్థ ముఖ్యకార్యాలయము బెంగుళూరున నుండవలెనని రెండవది. రెండును అంగీకరింపబడెను. 1972నుండి 1984 వఱకు ఆయన ఇస్రో సంస్థకు అధ్యక్షులుగా నుండిరి.

శ్రీహరికోట యప్పటికే యెన్నుకొనబడి యుండెను. సారాభాయి కాలమున, 1969లో, ఆ దీవిని ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి యను చిన్న రాకెట్టు అచ్చటనుండి మొదటిసారిగా పైకెగసెను. ఎందుకీ దీవియే యన్నచో, దాని తూర్పున సముద్రము తప్ప మఱేమియు లేదు. భూమి పడమటినుండి తూర్పునకు దిరుగును గనుక, తూర్పుదిక్కుగా విడిచిన రాకెట్టునకు అచ్చట సెకనునకు సుమారు 450 మీటర్ల వేగము ఊరక లభించును. గుఱి తప్పినను, కాలిన భాగములు రాలినను, అవి ఊళ్లమీద గాక నీటిమీద పడును. దాదాపు 43,000 ఎకరముల నేల, 50 కిలోమీటర్ల తీరము, మనుష్యులు పలుచన. ఇంజనీరు లెక్కకు ఇంతకంటె మంచిచోటు లేదు.

కాని ఇంజనీరు లెక్కలో ఖాళీగా గనబడినది నిజముగా ఖాళీ కాదు. దీవి పడమటివైపున ప్రళయకావేరి యని మనవారు పిలుచు పులికాటు సరస్సు గలదు. మనదేశమందలి ఉప్పునీటి సరస్సులలో చిలకసముద్రము తరువాత నిదియే పెద్దది. శీతకాలమున పొడవైన ఎఱ్ఱని కాళ్లతో, వంగిన ముక్కులతో ఫ్లెమింగో పక్షులు వేలకొలదిగా దిగి, మడమలోతు నీటిలో తల క్రిందులుగా ముంచి, బురదనుండి సన్నని పురుగులను వడపోసికొని తినును. చేరువనున్న నేలపట్టు చెఱువులోని చెట్లమీద గూడబాతులు గూళ్లు కట్టును. దీవినడుమ వర్షము తక్కువైనను ఆకురాలని చిక్కని యడవి యుండెను. అందలి వంటచెఱకు చిరకాలము చెన్నపట్టణమునకు బోయెడిది. ఆ యడవిలో యానాదులు తేనె, దుంపలు, మందుమొక్కలు ఏఱుకొనుచు, సరస్సులో చేపలు, పీతలు పట్టుకొనుచు బ్రదికిరి.

ఇక తూర్పుతీరము. జనవరి మొదలు మార్చి వఱకు చీకటిరాత్రులందు ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్లు ఆ యిసుకమీదికి ప్రాకివచ్చును. తల్లితాబేలు అలలు తాకనంత దూరము వచ్చి, వెనుకకాళ్లతో కుండవంటి గుంటను ద్రవ్వి, నూరు గ్రుడ్ల వఱకు పెట్టి, ఇసుక కప్పి, దానిని తన శరీరముతో అదిమి, తిరిగి చూడక సముద్రమున కలియును. ఆ పిమ్మట సూర్యుని వేడిమియే దాది. ఇసుక వెచ్చదనమును బట్టి పిల్ల ఆడుదియో మగదియో యగును. సుమారు నలుబదియైదు మొదలు అఱువది దినములలో పిల్లలు ఇసుకను ద్రోసికొని రాత్రివేళ బయటికి వచ్చి, ఏదిక్కు వెలుగుగా నుండునో ఆదిక్కునకు పరుగిడును. మానవుడు దీపము కనుగొనక మునుపు ఆ వెలుగు సముద్రముదే. ఇప్పుడు గట్టుమీద నొక పెద్ద విద్యుద్దీపము వెలిగినచో, పిల్లలు దానివంక నడచి, తెల్లవారునప్పటికి ఎండకు మాడిపోవును, లేదా కాకులకు, నక్కలకు ఆహారమగును. ఒక దీపము చేయు హత్య తుపాకి చేయుదానికంటె నిశ్శబ్దము.

సముద్రముమీద ఆయుధాభ్యాసము చేయుటవలన గలుగు హాని గూడ నిట్లే కంటికి గనబడదు. నీటిలో ధ్వని సెకనునకు సుమారు 1,500 మీటర్లు పోవును. గాలిలోకంటె నాలుగురెట్ల కెక్కువ. తిమింగిలములు, డాల్ఫినులు చీకటినీటిలో చెవులతోనే చూచును. 2000వ సంవత్సరము మార్చిలో బహామా దీవులయొద్ద అమెరికా నౌకాదళము జలాంతర్గాములను వెదకు సోనారు యంత్రములతో నభ్యాసము సేయుచుండగా, పదునేడు జలచరములు తీరమున కెక్కినవి. వానిలో నధికము లోతునీటి ముక్కుతిమింగిలములు. విచారించిన పిమ్మట ఆ ధ్వనియే కారణమై యుండునని ఆ ప్రభుత్వమే యొప్పుకొనెను. పోర్టోరికోకు జెందిన వియెకెస్ దీవిలో నౌకాదళము దశాబ్దములపాటు గుండ్లు ప్రేల్చి, అచ్చటి ప్రజల యాందోళనవలన 2003లో విడిచిపోయెను. విచిత్ర మేమనగా, పేలని గుండ్లతో, కలుషితమైన మట్టితో నున్న ఆ నేలయే పిమ్మట వన్యప్రాణుల శరణాలయముగా ప్రకటింపబడెను. మనుష్యులను రానీయని చోట మృగములు నిలిచియుండుట సైనికస్థలములలో పలుమాఱు గనబడిన సంగతి. గుండు చంపినదానికంటె గుడిసె, వల, వ్యాపారము చంపినది హెచ్చు గావచ్చును. అట్లని గుండు మంచిదని యనరాదు.

ధావనుగారు శ్రీహరికోటకు వచ్చునప్పటికి ఈ సంగతులను జర్చించు శాస్త్రము మనదేశమున పసితనమున నుండెను. వన్యప్రాణి సంరక్షణశాసనము 1972లో పుట్టెను. పులికాటు సరస్సు మన రాష్ట్రమందలి భాగము 1976లో పక్షిశరణాలయమయ్యెను. శాసనము నిర్బంధించుటవలన గాక, స్వభావముచేతనే ఆయన ఆ దీవిమీది చెట్లను, పక్షులను గౌరవించిరి. కట్టడములకు గావలసినంత మేర తప్ప అడవిని గొట్టరాదని, మిగిలినది మిగిలినట్లే యుండవలెనని ఆయన పట్టుపట్టినట్లు వారితో పనిచేసినవారు చెప్పుదురు. దీవిలో నధికభాగము నేటికిని పచ్చగా నుండుటకు కంచెయు, కాపలాయు ఎంత కారణమో, మొదటినాటి ఆ పట్టుదలయు నంత కారణమని మా తలంపు.

1979వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీ. ఎస్. ఎల్. వి.–3 యను నాలుగంతస్తుల రాకెట్టు, 22 మీటర్ల పొడవు, 17 టన్నుల బరువు గలది, తొలిసారిగా నింగికెగసెను. రెండవ యంతస్తును నడిపించు యంత్రమున నొక కవాటము సరిగా మూసికొనక, నైట్రికామ్లము కాఱిపోయియుండెను. రాకెట్టు దారితప్పి కొలది నిమిషములలోనే బంగాళాఖాతమున గూలెను. ఏడేండ్ల శ్రమ నీటిపాలయ్యెను. ఆ కార్యమునకు నాయకుడు అబ్దుల్ కలాముగారు. నింద వారిమీద పడుట సహజము. కాని పత్రికలవారి యెదుట ధావనుగారు తామే నిలిచి, అపజయభారమును తామే వహించి, తమవారిమీద తమకు నమ్మకము గలదని చెప్పిరి. మఱుసటి యేడు, 1980 జూలై 18వ తేదీన, అదే రాకెట్టు 35 కిలోగ్రాముల రోహిణి యుపగ్రహమును ఆకాశమున నిలిపెను. ఆనాడు ధావనుగారు ప్రక్కకు తొలగి, పత్రికలవారితో మాటలాడుమని కలాముగారిని ముందునకు ద్రోసిరి. ఈ కథ మన పిల్లలలో ననేకులు విన్నదే.

వినని సంగతి మఱియొకటి. గెలిచిన రాకెట్టు సయితము ప్రతిసారియు సముద్రమునకు గొంత విడిచి పోవును. కాలిన క్రింది యంతస్తులు, లోహపు గుల్లలు ముందే లెక్కించిన చోట్ల నీటిలో బడును. గట్టి యింధనమున నుండు అమ్మోనియం పెర్‌క్లోరేటు మండినపుడు వెలువడు పొగలో హైడ్రోక్లోరికామ్లపు ఆవిరి యుండును. ఒక్క ప్రయోగముచేత సముద్రము చెడిపోదు, అది విశాలము. అయినను వేదికకు దగ్గఱనున్న ఆకులమీద, నీటిమీద నా యామ్లము పడును. ఇవి దాచవలసిన మాటలు కావు. ప్రయోగమునకు ముందు నావికులకును విమానములకును హెచ్చరిక పంపుదురు. ఆ దినమున పట్టపువారు పడవలను ఆ మేరకు గొనిపోరాదు. ఆ కొలది గంటలు సముద్రముమీద వల లేదు. ఆ కొలది గంటలు పల్లెలో కూలియు లేదు.

ఆ తీరమందలి తాబేళ్లను ఎక్కువగా చంపునది రాకెట్టు కాదు, వల. యంత్రపు పడవలు ఈడ్చు వలలలో జిక్కిన తాబేలు పైకి వచ్చి ఊపిరి పీల్చుకొనలేక మరణించును. 2025 జనవరిలో చెన్నపట్టణపు తీరమున వేయికి మించిన తాబేళ్ల కళేబరములు కొట్టుకొనివచ్చినవి. మన రాష్ట్రమున చేపలవేటకు ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు నిషేధము గలదు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమును జూచి యది యేర్పఱచిరి. తాబేలు గ్రుడ్లు పెట్టుట అప్పటికే ముగిసియుండును. కావున రాకెట్టు దీవి చుట్టునున్న కాపలా, మనుష్యులు నడువని ఆ యిసుక, తాబేళ్లకు నిజముగా నొక మేలే. ఎవరును కోరి చేసిన మేలు కాకపోవచ్చును.

ఇక సైన్యము మాట. 1983లో క్షిపణుల నిర్మాణమునకు ప్రభుత్వము పూనుకొని, ఆ భారమును హైదరాబాదునందలి రక్షణ పరిశోధనశాలకు వచ్చిన కలాముగారిమీద నుంచెను. పృథ్వి యను క్షిపణి తొలిసారిగా 1988 ఫిబ్రవరి 25వ తేదీన శ్రీహరికోటనుండియే యెగిరెను. అప్పటికి ధావనుగారు అధ్యక్షపదవి విడిచి నాలుగేండ్లు కావచ్చెను. మరునాళ్లలో క్షిపణుల పరీక్షలు ఒరిస్సాతీరమునకు దరలినవి. అచ్చట గహిరమథ యను చోట లక్షలకొలది ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒక్కమాఱుగా గ్రుడ్లు పెట్టును. ఆ ప్రక్కనే క్షిపణులను విడుచు వీలర్ దీవి యుండెను. ఇప్పు డా దీవికి కలాముగారి పేరే పెట్టిరి. దీవిమీది దీపముల వెలుగు పిల్లతాబేళ్లను దారితప్పించుచున్నదని అటవీశాఖవారు మొఱపెట్టగా, దీపములకు మఱుగు గల్పించుటకు, వెలుగు తగ్గించుటకు సైనికశాస్త్రజ్ఞులు సమ్మతించిరి. తాబేళ్లు వచ్చు జనవరి మొదలు మార్చి వఱకు పరీక్షలను నిలిపివేయుదురని 2024 చివర ప్రకటన వెలువడెను. క్షిపణికి కాలము మనుష్యుడు నిర్ణయించును. తాబేలునకు కాలము దాని రక్తమున నున్నది. సర్దుకొనగలవాడు సర్దుకొనవలసివచ్చెను. గురువు శ్రీహరికోటలో అడవికి చేసినది, శిష్యుని పేరుగల దీవిలో తాబేలునకు జరిగిన దనుకొన్నచో మాకు సంతోషము కలుగుచున్నది.

అయితే ఈ కథలో నొక ముల్లు గలదు. దాని నీ పుటలలో వదలివేసినచో మేము సత్యము చెప్పినవారము కాము. పక్షికి, తాబేలునకు కంచె రక్షణయయ్యెను. యానాదికి నదే కంచె అడ్డయ్యెను. తరతరములుగా తమదియనుకొన్న యడవిలో కొందఱు దీవినుండియే తరలింపబడిరి. కొందఱు కేంద్రమువారు కట్టించిన కాలనీలలో మిగిలిరి. తేనెకు, దుంపలకు బోయెడి దారులు మూసికొనిపోయినవి. ఏ మొక్క ఏ రోగమునకు బనికివచ్చునో యెఱిగినవారు కూలిపనులకు, కావలి పనులకు దిగిరి. ధావనుగారి మనస్సును ఈ సంగతి బాధించెను. వారి స్థితిని విచారింపజేసి, వారికి మేలుచేయవలెనని ఆయన తలంచిరి. ఆ తలంపు కొంత ఫలించెను, కొంత ఫలింపలేదు. దేశమునకు గలిగిన లాభము యావద్దేశమునదియు, నష్టము మాత్రము యానాదులదియు నయ్యెను. పక్షులను జూచి ముచ్చటపడువారు ఈ సంగతిని మఱువరాదని మా మనవి.

ముల్లు మఱియొకటియు గలదు. సూళ్లూరుపేటనుండి దీవికి వేసిన బాట సరస్సును రెండు భాగములు చేసెను. తూములు పెట్టినను, ఉత్తరపు నీరు దక్షిణపు నీటితో మునుపటివలె కలియలేదు. ఉత్తరభాగము వేసవిలో త్వరగా నెండిపోయి ఉప్పునేల యగును. సముద్రపు ఆటుపోట్లు దక్షిణపు ముఖద్వారమునుండి యంతదూరము చేరవు. చేపలు తగ్గిన యెడ పక్షులును తగ్గును, వలవేయువారి కుండలును ఖాళీయగును. రాకెట్టు గర్జనకంటె ఈ మౌనమైన మట్టికట్ట చేసిన మార్పే పెద్దదని చెప్పవచ్చును. దీనిని ధావనుగారి తప్పని మేమనము. ఆ కాలమున బాటను బాటగానే చూచిరి.

ఆయన 1981లో పద్మవిభూషణ బిరుదము పొందిరి. పదవిని విడిచిన పిమ్మట విశ్రాంతికాలమున ఆయన పక్షులవైపు మఱలిరి. విమానముల ఱెక్కలను జీవితమంతయు కొలిచినవారు గనుక, గద్ద గాలి యెగబ్రాకు చోట ఱెక్కాడింపక ఎట్లు తేలియాడునో, కొంగ దిగునపుడు కాళ్లను, తోకను ఎట్లు సర్దుకొనునో, బరువైన గూడబాతు నీటిమీదనుండి లేచుటకు ఎంత పరుగెత్తవలసివచ్చునో వారి కవి ముచ్చటలు మాత్రమే కావు, గణితము గూడ. ఆ పరిశీలనల ఫలమే బర్డ్ ఫ్లైట్ అను వారి గ్రంథము. పక్షికి దెలిసినది ఇంజనీరుకు ఇంకను పూర్తిగా దెలియలేదను వినయము దానియందు గనబడును. ఆ వినయముగల చేతులలో శ్రీహరికోట పండ్రెండేండ్లుండుట ఆ దీవియొక్క యదృష్టము.

2002వ సంవత్సరము జనవరి 3వ తేదీన ధావనుగారు బెంగుళూరున పరమపదించిరి. ఆ యేడు సెప్టెంబరు 5వ తేదీన శ్రీహరికోట కేంద్రమునకు వారి పేరు పెట్టిరి.

2019నుండి ఆ కేంద్రమున ప్రజలు ప్రయోగములను జూచుటకు గ్యాలరీ యొకటి తెఱచిరి. ముందుగా పేరు నమోదు చేసికొన్నవారిని లోనికి రానిత్తురు. మన పైతరగతి విద్యార్థులలో గొందఱు రానున్న శీతకాలమున పోదలచుచున్నారని వింటిమి. పోవువారు సూళ్లూరుపేట దాటిన పిమ్మట బస్సు కిటికీనుండి ఇరువైపులను జూడుడు. కుడివైపు దక్షిణము, ఎడమవైపు ఉత్తరము. ఏవైపున నీరు నిలిచినది, ఏవైపున ఉప్పు తేలినది, ఏవైపున పక్షులు దిగినవి యని గుర్తుపెట్టుకొని, తిరిగివచ్చి మాకు వ్రాసియిండు. వచ్చు సంచికలో ప్రకటింతుము.